మిషనక్క చేతులు కట్టుకున్న ఆరు వారాలు

ఆ వీధిలో ఆమెను మిషనక్క అని పిలవని మనిషి ఒక్కడే, ఆమె భర్త. ఆయన "ఏమోయ్" అంటాడు. తక్కినవాళ్ళందరికీ, ఆమె కంటే పదేళ్ళు పెద్దవాళ్ళకు కూడా, ఆమె మిషనక్కే. కుట్టు మిషన్ ఏ కంపెనీదైనా, ఏ కాలం నాటిదైనా, చక్రం ఒక్కసారి తిప్పమని చెప్పి, చెవి దగ్గరగా పెట్టి విని, రోగం ఎక్కడుందో చెప్పేస్తుంది. చెప్పడం పూర్తయ్యే లోపే స్క్రూడ్రైవర్ ఆమె చేతిలో ఉంటుంది. ఎప్పుడు తీసిందో ఎవరూ చూడరు.

ఈ పని ఆమెకు తండ్రి నుంచి వచ్చింది. ఆయన నేర్పాడని చెప్పడానికి మాత్రం లేదు. ఆడపిల్ల చేతికి నూనె అంటకూడదని ఆయన పట్టుదల. మధ్యాహ్నం అన్నం తిని ఆయన కునుకు తీసే గంటన్నరలో ఆమె మిషన్లు విప్పి, చూసి, మళ్ళీ బిగించేది. బిగించాక ఒక మరమేకు మిగిలిపోయిన రోజులు ఉన్నాయి. అలాంటి రోజు సాయంత్రం ఆయన గిరాకీతో గొడవ పడుతుంటే ఈమె వంటింట్లో బుద్ధిగా గిన్నెలు సర్దేది. యాభై రెండేళ్ళు వచ్చాక ఇప్పుడు ఆ సంగతి నవ్వుతూ చెబుతుంది.

వార్డు ఆఫీసు వెనకాల రైలు పెట్టెలా పొడుగ్గా ఒక గది ఉంది. రెండు కిటికీలు, వాటిలో ఒకటి తెరుచుకోదు. తొమ్మిదేళ్ళ కిందట ఆ గదిలోనే మిషనక్క కుట్టు సంఘం పెట్టింది. ఇంట్లో మిషన్ వేసుకోవడానికి చోటు లేని పద్నాలుగు మంది పగలంతా అక్కడికొచ్చి కుట్టుకుంటారు. సంఘానికి కార్యదర్శి కాజాల వదిన. చొక్కాలకు కాజాలు తీయడం, బొత్తాలు కుట్టడం ఆమె పని. మాట కూడా సూదిలాగే సూటిగా దిగుతుంది.

ఒక వేసవి ఉదయం వార్డు అధికారి తలుపు దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాడు. చెడ్డవాడేం కాదు. అతనికి పైవాళ్ళున్నారు, అంతే.

"పాత ఫైళ్ళు మెట్ల మీదకొచ్చేశాయమ్మా. ఈ గది ఖాళీ చేయించమని ఆర్డరు."

"ఫైళ్ళకి నీడ కావాలి, సరే. మనుషులు ఎండలో కూర్చోవాలా?" అంది కాజాల వదిన.

"నేనేం చేయను తల్లీ. గుర్తింపు ఉన్న శిక్షణ కేంద్రమైతే గది ఇవ్వచ్చని రూలుంది. మీకు గుర్తింపు లేదుగా. నాలుగు నెలలు ఆగుతాను. ఆ లోపు తెచ్చుకోండి."

చిన్న చిన్న సంఘాలకు చేయూతనిచ్చే సంస్థ ఒకటి ఉందని కాజాల వదినకు ఎక్కడో చెవిన పడింది. దరఖాస్తు ఆమే నింపింది. 'మీ సంఘం బలాలు' అన్న చోట రెండు పేజీలు రాసింది. 'బలహీనతలు' అన్న చోట 'లేవు' అని రాసి కింద గీత గీసింది. అది చూసి నవ్వుకునే ఇచ్చారో, నిజంగా నమ్మే ఇచ్చారో తెలియదుగానీ సాయం మంజూరైంది. మూతపడిన ఒక బట్టల కార్ఖానా నుంచి పన్నెండు పాడైన మిషన్లు, ఎనిమిది పెట్టెల పనిముట్లు, చుట్టుపక్కల వీధుల్లోని ఎనిమిది మంది యువతీయువకులకు ఆరు వారాల టీ ఖర్చు, బస్సు ఛార్జీలు. షరతు ఒక్కటే. ఆరు వారాల చివర, నేర్పినవాళ్ళు గదిలో లేకుండా, నేర్చుకున్నవాళ్ళు మిషన్లు బాగుచేసి చూపించాలి. చూపిస్తే గుర్తింపు, గుర్తింపుతో గది. లేదంటే ఫైళ్ళు.

మిషన్లు గురువారం దిగాయి. క్లాసు సోమవారం మొదలు.

ఆ మూడు రోజుల్లో సంఘం చేసిన పని ఇంకే సంఘమూ చేసి ఉండదు. బయటినుంచి మనుషులు వస్తున్నారు, ఈ తుప్పు పట్టిన సామాను వాళ్ళ కళ్ళ ముందు ఎలా పెట్టడం అన్నది అందరి బెంగ. చుట్టాలొస్తుంటే ఇల్లు సర్దినట్టు పద్నాలుగు మందీ కొంగులు బిగించారు. ఒకరు కిరసనాయిలుతో కడిగారు, ఒకరు తుడిచారు, ఒకరు నూనె వేశారు. మిషనక్క కూర్చున్న చోటునుంచి లేవకుండా పన్నెండు మిషన్లనూ ఒకదాని తర్వాత ఒకటి విప్పి బాగుచేసింది. ఆదివారం సాయంత్రానికి పన్నెండూ కొత్త పెళ్ళికూతుళ్ళలా మెరిసిపోతూ వరసగా కూర్చున్నాయి.

సోమవారం ఉదయం సాయమిచ్చిన సంస్థ తాలూకు శిక్షణ ఆఫీసరు ఎనిమిది మందిని వెంటబెట్టుకుని వచ్చింది. సంచీ భుజాన వేసుకున్న పాతికేళ్ళ అమ్మాయి. ఒక మిషన్ తొక్కి చూసింది. చక్కగా కుట్టింది. రెండోది తొక్కింది. అదీ కుట్టింది. మూడోదాని దగ్గర ఆగిపోయింది.

"పాడైన మిషన్లేవి అమ్మా?"

"ఇవే," అంది మిషనక్క గర్వంగా.

"మరి ఇవి బాగానే ఉన్నాయి కదా."

"ఉండవూ. మూడు రోజులు కూర్చున్నాను."

ఆఫీసరు కుర్చీ వెతుక్కుని కూర్చుంది. "రిపేరు నేర్పాలనే కదమ్మా పాడైనవి ఏరి మరీ పంపించాం."

గదిలో ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. కాజాల వదిన మాత్రం వెనక్కి తగ్గలేదు. "పాడైనవని మాకూ తెలుసండీ. అందుకే బాగుచేశాం."

ఎనిమిది మందిలో ఒకడు కిసుక్కుమన్నాడు. వాడికి తర్వాత సందేహం అని పేరు పడింది. పంతొమ్మిదేళ్ళవాడు, దేన్నీ ఒకసారి చెబితే నమ్మడు.

మళ్ళీ పాడుచేస్తే సరిపోతుందని ఆఫీసరు సలహా. వినడానికి తేలికే. మిషనక్క ఒక మిషన్ ముందు కూర్చుని మర వదులు చేసింది. చేసిన చేయే దాన్ని మళ్ళీ బిగించేసింది. రెండోసారీ అంతే జరిగింది. మూడోసారి స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టి లేచిపోయింది.

ఇంటికెళ్ళి ఆ మాట చెబితే భర్త భోజనం ఆపి మరీ నవ్వాడు. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి దిగినవాడు. "నన్ను బస్సు గోడకి గుద్దించి చూపించమంటే గుద్దిస్తానటోయ్? చేయి రాదు. నీ తప్పేం లేదు."

"తప్పు లేకపోతే సరా? గది పోతుంది."

"అదీ నిజమే," అని ఆయన పెరుగు వేసుకున్నాడు.

దారి చూపించింది సందేహం. మర్నాడు వచ్చీ రాగానే అడిగాడు. "అక్కా, నాకో డౌటు. వీధిలో పాడైన మిషన్లకి కరువా? మా పిన్నిదే మంచం కింద నాలుగేళ్ళుగా పడుంది."

కరువేం లేదు. వీధిలో ప్రతి మూడో ఇంట్లోనూ అటక మీదో మంచం కిందో ఒక మిషన్ మూలుగుతూనే ఉంది. 'ఉచితంగా బాగుచేస్తాం, నేర్చుకునే పిల్లలు చేస్తారు, వారం పడుతుంది' అని అట్ట మీద రాసి తలుపుకి తగిలించారు. రెండు రోజులు ఒక్కరూ రాలేదు. మూడో రోజు ఒకావిడ మిషన్ రిక్షాలో వేసుకుని వచ్చి, అట్ట చదివి, మళ్ళీ రిక్షా ఎక్కబోయింది.

"మిషనక్క చేస్తానంటేనే దింపుతాను. మా అత్తగారి మిషన్ ఇది. పిల్లలు విరగ్గొడితే ఆవిడ నన్ను విరగ్గొడుతుంది."

"నేనూ ఇక్కడే ఉంటాను కదమ్మా," అంది మిషనక్క. ఆ మాట మీద మిషన్ దిగింది. ఆ తర్వాత వారంలో ఇరవై ఒకటి దిగాయి. గదిలో నడవడానికి పక్కకు తిరగాల్సి వచ్చేది.

అసలు తంటా అక్కడే మొదలైంది. ఆమె నిజంగానే అక్కడే ఉంది. మరీ దగ్గరగా ఉంది. పిల్లాడో పిల్లో మర తిప్పడం మొదలుపెడితే చాలు, "అలా కాదు, ఇటివ్వు" అనేది. ఇచ్చాక ఇక తిరిగి ఇవ్వడం ఉండదు. మిషన్ బాగయ్యేది, ఇంకొకటి ముందుకొచ్చేది. రెండు వారాలు గడిచేసరికి ఇరవై ఒక్క మిషన్లూ బాగయ్యాయి. ఎనిమిది మందికీ టార్చిలైటు పట్టుకోవడం మాత్రం బాగా వచ్చింది.

మూడో వారం మొదట్లో ఎనిమిది మందిలో ఒకతె, నిచ్చెన అనే పిల్ల, రావడం మానేసింది. ఆ పిల్లకు ఇరవై ఏళ్ళు. పొడుగు చూసి సందేహం ఆ పేరు పెట్టాడు, ఆమె కూడా కాదనలేదు. అసలు ఆమె ఏమీ అనదు. ఆసుపత్రి క్యాంటీన్‌లో తెల్లవారుజాము నుంచి పది దాకా గిన్నెలు తోమి, అక్కడినుంచి నేరుగా గదికి వచ్చేది. రెండు రోజులు చూసి మిషనక్క క్యాంటీన్‌కే వెళ్ళింది. వెనకవైపు తొట్టి దగ్గర నిచ్చెన మోచేతుల దాకా సబ్బు నురుగులో ఉంది.

"జ్వరమేమోననుకున్నా," అంది మిషనక్క.

"లేదక్కా."

"మరి?"

నిచ్చెన ఇంకో గిన్నె తీసుకుంది. "మీరు చేస్తుంటే చూడ్డం బాగుంటుందక్కా. సినిమా చూసినట్టుంటుంది. సినిమా చూసి యాక్టర్లయినవాళ్ళు లేరు కదా."

మిషనక్కకు చురుక్కుమంది. "నేను చూసే నేర్చుకున్నానమ్మాయ్. మా నాన్న నాకు ఒక్క ముక్క చెప్పలేదు."

"మీ నాన్నగారు మధ్యాహ్నం నిద్రపోయేవారని మీరే చెప్పారు." నిచ్చెన గిన్నె బోర్లించింది. "మీరు నిద్రపోరు కదక్కా."

మిషనక్క కొంగు దోపుకుని, కడిగిన గిన్నెలు తుడవడానికి గుడ్డ అందుకుంది. నిచ్చెన ఆ గుడ్డ చేతిలోంచి లాగేసుకుంది.

"ఇదిగో, ఇక్కడా మొదలెట్టారు."

ఆ మాటకి ఇద్దరూ నవ్వారు. "రేపు రా," అంది మిషనక్క వెళ్తూ. "రేపు నేను నిద్రపోతాను."

నిద్రపోవడం ఆమె వల్ల అయ్యే పని కాదని కాజాల వదినకు తెలుసు. అందుకని చేతులకు ఇంకో పని అప్పగించింది. తలుపు బయట ముక్కాలి పీట వేసి, చొక్కాల కట్ట, బొత్తాల డబ్బా పక్కన పెట్టింది. "పిల్లల క్లాసు నడిచినంతసేపూ నువ్విక్కడ. ఏదన్నా అడిగితే నోటితో చెప్పు. చేతిలో సూది ఉండాలి, స్క్రూడ్రైవర్ కాదు."

మిషన్ల విషయంలో మహారాణి అయిన మిషనక్క బొత్తాల దగ్గర ఒట్టి మొద్దు అని అప్పుడే బయటపడింది. మొదటి చొక్కాకు పై బొత్తం రెండో కాజాకు ఎదురుగా కుట్టింది. కాజాల వదిన దాన్ని ఊడబీకి చేతికిచ్చింది. "అలా కాదు అని నేననను, స్క్రూడ్రైవర్ మనుషులంటారు ఆ మాట. మళ్ళీ కుట్టు."

లోపల, వీధిలోంచి కొత్తగా దిగిన మిషన్లతో, మొదటి మూడు రోజులు ఘోరంగా గడిచాయి. ఒక మిషన్ బెల్టు తెగింది. ఇంకో మిషన్‌లో మర లోపల పడి, మొత్తం తలకిందులు చేసి దులపాల్సి వచ్చింది. రిక్షాలో వచ్చిన అత్తగారి మిషన్‌లాంటిదే ఇంకొకటి బిగించాక చక్రం వెనక్కి తిరగడం మొదలెట్టింది. ప్రతి చప్పుడుకూ బయట మిషనక్క వేలికి సూది గుచ్చుకునేది. ఆ చప్పుళ్ళు ఆమెకు అర్థమవుతాయి, అదే ఆమె కష్టం. ఏ మర అతిగా బిగిసిందో, ఏ పన్ను తప్పిందో గోడ ఇవతల కూర్చుని కూడా తెలిసిపోయేది. అయినా పీట మీదనుంచి లేవలేదు. సందేహం గంటకోసారి తల బయటపెట్టి "అక్కా, ఒక డౌటు" అనేవాడు. ఆమె కళ్ళు మూసుకుని, గాల్లో వేళ్ళు ఆడిస్తూ నోటితో చెప్పేది. చెప్పాలంటే ముందు తనకు తెలిసింది ఏమిటో తనకు తెలియాలి. ఇన్నేళ్ళూ ఆమె చేతులు చేసిన పనికి మాటలు వెతకాల్సి వచ్చింది. కిందినుంచి దారం అందుకునే షటిల్ కొన సూదిని సరిగ్గా ఎక్కడ కలవాలో చెప్పడానికి ఒక పూట పట్టింది. చెప్పాక ఎనిమిది మందీ తలూపారు. ఆ సాయంత్రం నాలుగు మిషన్లు కుట్టాయి.

ఐదో వారానికి చప్పుళ్ళు మారాయి. ఒక రోజు మధ్యాహ్నం గంటసేపు లోపలినుంచి ఎవరూ ఆమెను పిలవలేదు. మిషనక్క ఎనిమిది చొక్కాలు పూర్తిచేసింది. బొత్తాలన్నీ తిన్నగానే ఉన్నాయి.

పరీక్ష రోజున ఆఫీసరు వెంట ఒక ముసలాయన వచ్చాడు. మూతపడిన ఆ కార్ఖానాలోనే మిషన్ల మేస్త్రీగా చేసి దిగినవాడు. నాలుగు మిషన్లు వ్యానులోంచి దింపించాడు. ఇద్దరికొకటి, రెండు గంటల సమయం. వార్డు అధికారి కూడా వచ్చి, గది ఇటునుంచి అటు అంగలు వేసి కొలుచుకున్నాడు. ఎన్ని బీరువాలు పడతాయో లెక్క వేసుకుంటున్నట్టు ఉంది. షరతు ప్రకారం మిషనక్కను వరండా చివరికి పంపేశారు. తోడు కూర్చోవడానికి భర్త వచ్చాడు.

"వినిపిస్తోందా?" అన్నాడాయన.

"లేదు. దూరం."

"మంచిదే."

మంచిదేం కాలేదు. ఆమె మెట్లు లెక్కపెట్టింది. వరండా కమ్మీలు లెక్కపెట్టింది. భర్త చొక్కా బొత్తం ఒకటి వదులుగా ఉంటే దాన్ని కూడా కుట్టేసింది, ఆయన ఒంటి మీద ఉండగానే.

లోపల మొదటి గంటలోనే మూడు మిషన్లు తేలాయి. ఒకదానికి సూది తిరగేసి పెట్టి ఉంది. ఇంకొకదానిలో బట్టను జరిపే పళ్ళ కింద దుమ్ము, దారపు నూగు గడ్డకట్టాయి. మూడోదానిలో కింది దారం కండె పెట్టే బాబిన్ కేసులో స్ప్రింగు వంగింది. నాలుగోది నిచ్చెనకూ సందేహానికీ పడింది. నాలుగు వేళ్ళ పొడవు కుట్టగానే దారం తెగుతుంది. సూది మార్చారు, తెగింది. దారం మార్చారు, తెగింది. బిగువు తగ్గించారు, షటిల్ విప్పి తుడిచి పెట్టారు, అయినా తెగింది. మేస్త్రీ గోడకానుకుని చూస్తున్నాడు.

"దారం వెళ్ళే దారిలో ఎక్కడో గీరుకుంటోంది," అన్నాడు సందేహం. "అక్క అయితే వేలితో తడిమి చెప్పేస్తుంది. నాకు తెలీడం లేదు. నువ్వు చూడు."

నిచ్చెన తన వేళ్ళు చూసుకుంది. ఏళ్ళ తరబడి సోడా నీళ్ళలో నాని, బీటలు వారి, గరుకెక్కిన వేళ్ళు. వాటికి ఇనుమూ పట్టూ ఒకటే. ఒక్క నిమిషం ఆలోచించి ఆఫీసరు వైపు తిరిగింది. "మేడం, కాస్త దూది దొరుకుతుందా?"

ప్రథమ చికిత్స పెట్టెలోంచి దూది వచ్చింది. నిచ్చెన దాన్ని రెండు వేళ్ళతో పలచగా లాగి, దారం నడిచే దారంతా మెల్లగా రుద్దుకుంటూ వచ్చింది. పైన కొక్కెం దగ్గర దూది జారిపోయింది. దారాన్ని బిగించే రెండు పళ్ళేల మధ్యా జారింది. సూది దిగే పలక రంధ్రం అంచున ఒక పోగు పట్టుకుని నిలిచిపోయింది. మళ్ళీ రుద్దింది. మళ్ళీ అక్కడే చిక్కుకుంది. ఎప్పుడో సూది విరిగి తగిలిన చోట, కంటికి ఆనని ఒక గాటు. సందేహం సన్నపు గరుకు కాగితాన్ని దారంలా చుట్టి రంధ్రంలో దూర్చి ఇటూ అటూ లాగాడు. నిచ్చెన మిషన్ తొక్కింది. నాలుగు వేళ్ళు దాటింది, జానెడు దాటింది, మూర దాటింది. గుడ్డ అయిపోయింది, దారం తెగలేదు.

మేస్త్రీ గోడ వదిలి ముందుకొచ్చాడు. తన జేబులోంచి భూతద్దం తీసి ఆ రంధ్రాన్ని చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"మేడం, ఒక మాట చెప్పాలి," అన్నాడు ఆఫీసరుతో. "మూడు మిషన్లు నేను పాడుచేసి తెచ్చాను. ఈ నాలుగోది మా కోడలిది. నేను పాడుచేసింది కాదు. నెలనుంచి కుస్తీ పడుతున్నాను, నా వల్ల కాలేదు. పరీక్ష పేరు చెప్పి వీళ్ళ చేత చేయించుకుందామని వ్యానెక్కించాను."

ఆఫీసరు నోరు తెరిచింది. కాజాల వదిన అంతకంటే ముందు తెరిచింది. "అయితే తాతగారూ, మీరూ మాలాగే దరఖాస్తు పెడితే 'బలహీనతలు' అన్న చోట ఏం రాయమంటారు?"

ముసలాయన పకపకా నవ్వాడు.

వరండా చివర మిషనక్కకు ముందు వినిపించింది ఆ నవ్వే. తర్వాత పరుగు. సందేహం అరిచిన మాట ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు, అర్థం కానక్కర్లేకపోయింది. ఆమె గదికి వచ్చేసరికి గుర్తింపు వచ్చిందని వార్డు అధికారి కొత్త కాగితం మీద సంతకం పెడుతున్నాడు. మూడేళ్ళ పాటు గది సంఘానిదే. "ఫైళ్ళు ఇంకెక్కడన్నా సర్దుకుంటాలే అమ్మా," అన్నాడు. తలమీద బరువు దిగినట్టే కనిపించాడు అతను కూడా.

మిషనక్క నేరుగా నాలుగో మిషన్ దగ్గరికి వెళ్ళింది. పలక రంధ్రం మీద వేలు పెట్టి తడిమింది. గాటు పోయింది కాబట్టి ఏమీ తగల్లేదు.

"దూది సంగతి నేను చెప్పలేదే," అంది.

"లేదక్కా," అంది నిచ్చెన. "మీ వేళ్ళకి అక్కర్లేదు కదా, మీకెలా తెలుస్తుంది."

మిషనక్క తలూపింది. ఆ రోజు తర్వాత ఆ గదిలో నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ మొదటి రోజే దూదిపెట్టె చూపించారు. మొదటి ఏడాది ముప్ఫై మంది నేర్చుకున్నారు. అందులో పంతొమ్మిది మందికి ఇప్పుడు సొంత రిపేరు బల్లలున్నాయి. నిచ్చెన క్యాంటీన్ మానేసి సంఘంలో జీతానికి నేర్పుతోంది. వాగకుండా నేర్పుతుందని పిల్లలు ఇష్టపడతారు.

రెండో ఏడాది మొదట్లో ఆఫీసరు మళ్ళీ వచ్చింది. బస్టాండు అవతలి వాడలో ఇంకో చిన్న సంఘానికి సాయం మంజూరైందని, వాళ్ళకు నేర్పేవాళ్ళు కావాలని అడిగింది. "మీరు వస్తారా అమ్మా?"

"నేనెందుకు? నా మనుషులున్నారు," అంది మిషనక్క.

ఆ సోమవారం నిచ్చెన, సందేహం పనిముట్ల పెట్టెలు పట్టుకుని బస్సెక్కారు. పాడైన మిషన్లు అక్కడ ఎన్ని ఉన్నాయో, వాటిని ఎవరూ ముందే బాగుచేసెయ్యకుండా ఎవరు కాపలా ఉన్నారో సందేహం డ్రైవరు సీటు వెనకనుంచి ఫోన్లో అడుగుతూనే ఉన్నాడు. బస్సు మలుపు తిరిగేదాకా చూసి, మిషనక్క గదిలోకి వెళ్ళి తలుపులు బార్లా తెరిచింది. అప్పటికే మెట్ల మీద ఐదుగురు మిషన్లతో కూర్చుని ఉన్నారు.